నాయనమ్మ కాళ్ల మీద పసిపిల్ల

నిన్న లిఫ్టులో ఒక పసిపిల్ల తలలోంచి సాంబ్రాణి పొగ వాసన వచ్చింది. అగరబత్తి వాసన కాదు, నిప్పుల మీద పొడి చల్లితే లేచే అసలు పొగ. ఈ అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లలో నిప్పులెక్కడ దొరికాయమ్మా అని ఆ తల్లిని అడిగేలోపు ఆమె దిగిపోయింది. నాకు మాత్రం మా ఊరు ఇంద్రేశంలో మా వాకిలి, అక్కడ కాళ్లు చాపుకుని కూర్చున్న నాయనమ్మ కళ్లకు కట్టినట్టు కనిపించారు.

మా వాడకట్టులో ఏ ఇంట్లో కాన్పయినా పసిపిల్లలకు నీళ్లు పోసేది నాయనమ్మే. చలికాలం పొద్దున్నే, పటాన్‌చెరు ఫ్యాక్టరీల ఘాటు వాసన మంచులో కలిసి గొంతులో గుచ్చుతుంటే, కట్టెల పొయ్యి మీద నీళ్లు మరుగుతుంటే, ఆమె పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి, కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టుకుని, నువ్వుల నూనెతో ఒళ్లంతా మర్దన చేసి, శనగపిండితో నలుగు పెట్టి, ముక్కు సాగదీసి, చివరికి సాంబ్రాణి పొగ పట్టి, పిల్ల ఎంత ఏడ్చినా తన ధోరణిలో తాను అందరిళ్ల సంగతులూ చెప్పుకుపోయేది. నీళ్లందించే తల్లులకు తిట్లు అదనం. మేమంతా ఆ కాళ్ల మీద పెరిగినవాళ్లమే.

ఒక చలికాలం ఆమె తల తిరిగి వాకిట్లో పడింది. ఎముకలేం విరగలేదు, రక్తం తక్కువుంది, కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వండన్నాడు డాక్టరు. మా నాయిన మందుబిళ్లల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు కాబట్టి డాక్టరు మాటంటే ఆయనకు దేవుడి మాటే, కానీ ‘కొన్నాళ్లు’ అన్న ముక్క చెవిన పడలేదు. మంచం లోపలి గదిలోకి మారింది. చుట్ట బందు, వాకిలి బందు, పసిపిల్లలు బందు. కడుపులో చల్ల కదలకుండా చూసుకోవడమంటే ఇదేనని అమ్మ కూడా నమ్మింది.

నాయనమ్మ ముందు మాట మానేసింది, తర్వాత తిండి మానేసింది. ఆమెకు ప్రాణమైన జొన్న గట్క, పచ్చిపులుసు పెట్టినా గోడవైపు తిరిగి పడుకునేది. మేకపాలు, కోడి పులుసు, ఏదీ గొంతు దిగలేదు. చుట్టాలు వచ్చి చూసి, బయటికెళ్లి గుసగుసలాడేవారు. మేము ఆటలో కేక పెడితే అమ్మ ఉరిమేది. రోజూ బడి నుంచి వస్తూ మా ఇంటి ముందు జనం గుమిగూడారేమోనని మూలమలుపు నుంచే చూసేదాన్ని. లేరని తెలిశాకే ఊపిరి తీసుకునేదాన్ని.

అప్పట్లో మా పక్క గదుల్లో కోస్తా నుంచి వచ్చిన సరోజ, ఫ్యాక్టరీలో పనిచేసే ఆమె భర్త కిరాయికుండేవారు. ఆమె కాన్పయి పుట్టింటి నుంచి కొత్తగా వచ్చింది. సాయానికి ఎవరూ లేరు, పిల్లది రోజంతా ఒకటే ఏడుపు. ఒక ఆదివారం పొద్దున పిల్లనెత్తుకుని నేరుగా నాయనమ్మ మంచం దగ్గరికి వచ్చేసింది.

“మామ్మగారూ, నాకు నీళ్లు పోయడం రాదండీ. జారిపోతుందేమోనని భయంగా ఉంది. మీరే పొయ్యాలి.”

నాయిన అడ్డం నిలబడ్డాడు. “వద్దమ్మా, ఆమెకే లేవ చాతనైతలేదు. చేతులు వణుకుతున్నయి. పిల్లకేమన్న అయితే ఎవరిది జిమ్మేదారి?”

సరోజ వెనక్కి తగ్గుతుండగా గోడవైపు నుంచి గొంతు వచ్చింది. “నిన్ను గీ చేతులతోటే గాదురా సాదింది? జరుగు. పీట తెమ్మను.”

అమ్మ పట్టుకుని వాకిట్లోకి నడిపించింది. నాయనమ్మ కాళ్లు చాపింది. చేతులు నిజంగానే వణికాయి. నాయిన పక్కనే మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల జారితే పట్టుకోవడానికి రెండు చేతులూ చాచి, ఆ చలిలో చెమటలు కక్కాడు. ఒంటి మీద నూనె పడగానే పిల్ల గుక్కపట్టింది. సరోజ ముఖం తిప్పేసుకుంది. నాయనమ్మ వణికే చేతిని పిల్ల ఛాతీ మీద ఆనించి, వణుకు తగ్గేదాకా అలాగే ఉంచింది. తర్వాత నెమ్మదిగా మర్దన, నలుగు, నీళ్లు. ఏడుపు వెక్కిళ్లయింది, వెక్కిళ్లు నిద్రయ్యాయి.

“నీళ్లు జెర సల్లగున్నయి, రేపు మంచిగ కాగబెట్టు” అని అమ్మను కసిరి, గట్క పెట్టమంది. నేను ఏడ్చేశాను. ఆ తర్వాత నాయనమ్మ చాలా ఏళ్లు బతికింది, మమ్మల్ని తిడుతూనే.

ఇప్పుడు నాయిన లేడు. అమ్మ నా దగ్గరే ఉంటుంది, ఆమెకు అప్పటి నాయనమ్మ వయసు. బీపీ మిషను, షుగరు మిషను, గోడలకు కడ్డీలు, పగలంతా చూసుకునే అమ్మాయి, అన్నీ అమర్చాను. మా వాకిలి ప్లాట్లలో కలిసిపోయింది. వణికే చేతుల్లో బిడ్డను పెట్టే తల్లి ఇవాళ దొరకదు. నాకే పసిబిడ్డ ఉంటే పెట్టేదాన్నా అంటే, గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేను.

ఈ మధ్య అమ్మ అన్నం సగంలోనే వదిలేస్తోంది. పరీక్షలన్నీ చేసి అంతా బాగుందన్నారు. నాకు భయంగా ఉంది. ఈ పొద్దున అమ్మ చీపురు తీసుకోబోతే, చూసుకునే అమ్మాయి ఆమె చేతిలోంచి లాక్కుంది. అమ్మ మంచం మీద కూర్చుని నన్నడిగింది.

“ఇయ్యాల నాకేం పని చెప్తవ్ బిడ్డా?”

ఇల్లంతా చూశాను. చెప్పడానికి ఒక్క పనీ కనిపించలేదు.