నల్లా కాడి బండ

మా లాల్‌దర్వాజా గల్లీలో దయ్యాల కథలు నా అంత బాగా చెప్పేవాడు లేడు. వాటిని బొత్తిగా నమ్మనివాడినీ నేనే. అన్నీ నేను అల్లినవే కదా మరి. ఇది మాత్రం అల్లింది కాదు. ప్రతి కథకు ముందూ ఈ మాటే అంటానని మా గల్లీవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

నా ఉద్యోగం రాళ్ల సర్వే. గోదావరి పక్క అడవుల్లో నెలల తరబడి క్యాంపు. ఒకప్పటి బురద పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారిన నేల అది. ఏ పొరలో ఏ ఆకు అచ్చు ఉందో చూస్తే ఆ పొర ఏ కాలానిదో తెలుస్తుంది. దాన్ని బట్టి మ్యాపులో రంగు వేస్తాం. పొడి రాతి మీద అచ్చు కంటికి సరిగా ఆనదు. నీళ్లు చల్లితే తేలుతుంది.

పెళ్లయిన కొత్తలో నా భార్య అనసూయ అడిగింది. "ఆకుల కోసం గంత దూరం పోవుడేంది? ఈడ దొరకయా?"

"మనింట్లనే ఉన్నది. నల్లా కాడి బండ మీద నీళ్లు పోసి చూడు," అన్నాను.

పచ్చి అబద్ధం. అది ఇళ్లలో నేలకు పరిచే షాబాద్ బండ. భూమ్మీద ఆకు అనేది పుట్టకముందే గట్టిపడ్డ రాయి. అందులో ఆకు ఉండే వీలే లేదు. ఈ సంగతి తెలిశాక కూడా అనసూయ బిందె కడిగినప్పుడల్లా వంగి చూసేది.

క్యాంపు నుంచి వచ్చి గడపలో సంచి దించుతూనే "కనవడ్డదా?" అనేవాణ్ని.

"నీ ముచ్చట్ల లెక్కనే ఉన్నది, నున్నగ," అనేది. ఏళ్ల తరబడి మా పలకరింపు అదే.

పోయిన ఎండాకాలం కూడా వచ్చి అలాగే అడిగాను. అనసూయ చేతులు కొంగుకు తుడుచుకుంటూ "కనవడ్డది," అంది.

"నా పక్కన ఉండి నువ్వు గూడ నేర్చినవ్!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను బండ వైపు చూడనేలేదు.

వానాకాలంలో అనసూయకు జ్వరం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఆమె తిరిగి రాలేదు.

దినాలయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు. ఓ పొద్దున బిందె నేనే కడిగి, నీళ్లు బండ మీద పారబోశాను.

ఆకు తేలింది.

అరచెయ్యంత ఉంది. నాలుక ఆకారం, నడుమ పెద్ద ఈనె, దాని నుంచి వల అల్లినట్టు సన్న ఈనెలు. బొగ్గు పొరల దగ్గర నేను ఎన్నోసార్లు చూసిన ఆకే. బండ ఆరగానే మాయమైంది. మళ్లీ పోశాను. మళ్లీ తేలింది.

పురానాపూల్‌లో ఉండే రహమత్ భాయ్‌కి ఫోన్ చేశాను. ఎన్నో క్యాంపుల్లో నాతో కలిసి పనిచేసిన మనిషి.

"క్యా భాయ్, ముచ్చట్లు సాలక ఇప్పుడు రాళ్లు గూడ చెక్కిపిస్తున్నవా?" అంటూ వచ్చాడు. జేబులోంచి భూతద్దం తీసి నేల మీద పడుకున్నంత పని చేశాడు. లేచేసరికి ముఖంలో నవ్వు లేదు.

"ఉలి పని కాదిది. గీ రాతిల గీ ఆకు ఉండొద్దు భాయ్. బండ లేపు, ఆఫీసుకు కొంటవోదాం. నువ్వు చెప్పినవాట్ల ఒక్కటన్న నిజమని అందరికి తెలుస్తది."

ఆశ పుట్టింది, కాదనను. కానీ అచ్చును దాని చోటు నుంచి కదిలిస్తే సగం సాక్ష్యం పోతుంది. మా ఇద్దరికీ మొదట నేర్పిన పాఠమే అది. అనసూయ వంగి చూసిన చోటు ఇదే. వద్దన్నాను. రహమత్ భాయ్ నా భుజం మీద చెయ్యి వేసి, భూతద్దం జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ ఆకు ఆ రాతిలోకి ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా చదువు లేదంటుంది, నా కన్ను ఉందంటుంది. ఆ రోజు అనసూయ నన్ను ఆటపట్టించిందో, నిజంగానే చూసిందో, అదీ తెలియదు.

పొద్దున నల్లా రాగానే బండ మీద నీళ్లు పోస్తాను. ఎవరూ అడగరు. అయినా చెబుతాను.

"కనవడ్డదే, అనసూయా."