వరుసలో నిలబడిన సిస్టరమ్మ

నీళ్ల ట్యాంకరు ఊళ్లోకి మలుపు తిరగగానే ఖాళీ ప్లాస్టిక్ బిందెలు ఒకదానికొకటి తగిలి డొల్లగా చప్పుడు చేస్తాయి. గోరంట్ల దగ్గర ఈ పల్లెలో, మా చిన్న వైద్యశాల కిటికీలోంచి ఆ చప్పుడు వినిపిస్తే నా చేతిలో పని ఆగిపోతుంది. కట్టు కట్టించుకుంటున్న మనిషి "ఏమైంది సిస్టరూ?" అని అడిగేదాకా కదలను. ఆ కాసేపూ నేను కుందుర్పి పక్కన మా ఊళ్లో పదకొండేళ్ల పిల్లను. నా పక్కన సిస్టర్ జోసెఫీనా ఉంటుంది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పొట్టి మనిషి, నల్లటి మనిషి. మోకాళ్ల నొప్పులున్నా తెల్లచీర కుచ్చెళ్లు ఎగదోపి మోపెడ్ మీద ఎర్రదుమ్ములో పల్లెపల్లెకూ తిరిగేది. కోస్తా నుంచి వచ్చింది. "వచ్చినాడు, పోయినాడు" అనే మా సీమలో "వచ్చాడు, పోయాడు" అని ఆమె మాట్లాడుతుంటే మా పేట ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. కోపం ఎక్కువ. మఠాల్లో ఉండేవాళ్ల శాంత స్వభావం గురించి ఎవరైనా పొగిడితే నాకు ఆమే గుర్తొచ్చి నవ్వొస్తుంది.

మాది ఊరికి ఎడంగా ఉన్న పేట. ముప్పై ఇళ్లు, రేకుల కప్పు వేసిన చర్చి. వరసగా వానలు లేక శనక్కాయ చేలు ఎండిపోతే అమ్మా నాయనా నన్నూ చెల్లెలు శాంతినీ అవ్వ దగ్గర వదిలి, బెంగళూరులో మేడలు కట్టే పనికి పోయారు. ఆ ఎండాకాలమే అమ్మ తిరిగి వచ్చింది, వ్యానులో, గుడ్డ చుట్టి. ఇసుక గంప నెత్తిన పెట్టుకుని ఎక్కుతుండగా కాలికింది చెక్క విరిగిందట. మట్టి చేసిన మూడో రోజు నాయన మళ్లీ బస్సెక్కాడు. బడులు తెరిచినా నేను పోలేదు. ఫ్లోరైడు నీళ్లకు అవ్వ నడుము వంగిపోయి నేలచూపే మిగిలింది. కట్టెలు ఏరాలన్నా, సంగటి కెలకాలన్నా నేనే.

ఒకరోజు మా గుడిసె ముందు మోపెడ్ ఆగింది.

"పిల్లను బడి ఎందుకు మాన్పించావు?" అని సిస్టర్ అవ్వను నిలదీసింది.

"అది బడికి పోతే సంగటి ఎవురు కెలకల్ల సిస్టరూ? నా నడుము సూడు, ఎట్లయిండాదో."

"నడుముకు మందు నేను తెస్తాను. సంగటి పొద్దున్నే కెలికి వెళుతుంది. రేపు బడిలో కనపడకపోతే మళ్లీ వస్తాను."

మర్నాడు నేను పోలేదు. ఆమె వచ్చింది. ఆ మర్నాడూ పోలేదు, ఆ మర్నాడూ వచ్చింది. ఆమెను తప్పించుకోవడం కన్నా బడికి పోవడమే సులభమని నాలుగో రోజుకు అర్థమైంది.

మరుసటి ఏడు వేసవిలో మా పేట బోరు పూర్తిగా ఎండిపోయింది. పెద్దవీధి బోరులో నీళ్లున్నాయి. కాని అక్కడ మావాళ్లు దూరంగా నిలబడాలి. ఆ వీధివాళ్లందరూ పట్టుకున్నాక, కరెంటు ఇంకా ఉంటే, అప్పుడు మా వంతు. ఒక ఉదయం అవ్వకు మందు ఇవ్వడానికి వచ్చిన సిస్టర్ నా చేతిలో ఖాళీ బిందె చూసింది. బిందె లాక్కుని చంకన పెట్టుకుని పెద్దవీధికి నడిచింది. వెనకాల నేను, నా వెనకాల పేట ఆడవాళ్లు పదిమంది. పోయి అందరితో పాటు వరుసలో నిలబడ్డాం. మోటరు చూసుకునే పెద్దాయన గబగబా వచ్చాడు.

"సిస్టరమ్మా, మీకు గావల్లంటే ఇంటికే పంపిస్తాం. వీళ్లతో పాటు ఈడ నిలబడేదేంది?"

"నేను వీళ్లతో వచ్చాను. మా వంతు వచ్చాక పట్టుకుని పోతాం."

ఆయన మోటరు ఆపేశాడు. ఎవరికీ నీళ్లు లేవు. సిస్టర్ కదల్లేదు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. ఆమె మోకాళ్లు వణకడం నాకు కనిపిస్తోంది. కూర్చోమని అవ్వ వయసు ఆడవాళ్లు బతిమాలినా కూర్చోలేదు. చివరికి పెద్దవీధికే చెందిన ఒక ముసలామె తన బిందెను కాలితో తన్నింది. "ఏమప్పా, పొద్దున్నించి ఈడ ఎండిపోతాండాము. మా ఇండ్లల్లో గూడా నీళ్లు లేవు. వాళ్లు పట్టుకుంటే పట్టుకోనీ. మోటరు ఎయ్" అంది. ఆయన వేశాడు. వంతు వచ్చినప్పుడు మా బిందె నిండింది.

ఆ పూట నేను ప్రార్థన ఏమీ చెయ్యలేదు. అమ్మ పోయినప్పటి నుంచి దేవుడి మీద కోపంగా ఉన్నాను, ఆ కోపం ఆరోజు కూడా పోలేదు. కాని ఆ ఎండలో, వణికే ఆ మోకాళ్ల పక్కన నిలబడి, నేనూ ఇట్లాగే బతకాలి అనుకున్నాను. అది కోరిక కాదు. ఎవరో పేరు పెట్టి పిలిస్తే తల తిప్పినట్టు అనిపించింది.

దానికి మావాళ్లు మూల్యం చెల్లించుకున్నారు. నెల రోజులు పెద్దవీధివాళ్లు ఎవరినీ కూలికి పిలవలేదు. సిస్టర్ వచ్చి మా గుడిసెలో తల దించుకుని కూర్చుంది. "ఇంతదూరం ఆలోచించలేదు, తప్పు నాదే" అంది. అవ్వ ఆమె ముందు సంగటి ముద్ద పెట్టింది. "నువ్వు ఆలోచించింటే నిలబడేదానివి గాదు. తిను. రేపు గూడా ఆ బోరు కాడికే పోతాము" అంది.

పదో తరగతి అయ్యాక, సిస్టరు కావాలనుకుంటున్నానని ఆమెకు చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. తిట్టింది. "ఆకలికి మఠం మందు కాదు. ముందు చదువుకో. ఉద్యోగం చెయ్యి. కడుపు నిండా తిను. అప్పటికీ ఇదే మాట అంటే అప్పుడు రా." అనంతపురంలో నర్సింగు చదివాను, అక్కడే ఆసుపత్రిలో రెండేళ్లు పనిచేశాను. కడుపు నిండింది, మంచి చీరలు కట్టాను, శాంతిని చదివించాను. ఆ పిలుపు మాత్రం పోలేదు.

నాయన బెంగళూరు నుంచి ఊరికొచ్చినప్పుడు ఈ మాట చెప్పాను.

"మీ యమ్మ పోయె. నువ్వు గూడా పోతావా?"

"నేను సచ్చిపోతాలేదు నాయనా. పనికి పోతాండా."

బయల్దేరిన రోజు ఆయనే నా పెట్టె నెత్తిన పెట్టుకుని కుందుర్పి బస్సు దాకా నడిచి, బస్సు కదిలేదాకా నిలబడ్డాడు.

మఠంలో ముగ్గురు పెద్ద సిస్టర్లు నన్ను ప్రశ్నించారు. జోసెఫీనా వెనక బెంచీ మీద కూర్చుంది. ముగ్గురిలో ఒకామె నా కాగితాలు చూస్తూ, "మీది కరువు ప్రాంతం. ఇక్కడ మూడు పూటలా భోజనం దొరుకుతుందని రాలేదు కదా?" అంది. ఒళ్లు మండింది. బడిలో నేర్చుకున్న మాటలన్నీ పోయి మా ఊరి మాటే వచ్చింది.

"పదకొండేండ్లప్పుడు వచ్చింటే అన్నం కోసమే వచ్చిందును మదర్. ఇప్పుడు కడుపు నిండినాక వచ్చినా. అయినా ఆకలైనోళ్లను దేవుడు పిలవగూడదని యాడ రాసిండాది?"

బయటికొచ్చాక జోసెఫీనా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది" అంది. నాలుగడుగులు నడిచాక, "అన్నావు కాబట్టి వెనక్కి తీసుకోకు" అంది. నన్ను తీసుకున్నారు.

ఆమె చివరి రోజుల్లో వయసు మళ్లిన సిస్టర్ల ఇంట్లో మంచం మీదే ఉండేది. చూడటానికి వెళితే, "ఎక్కడ పనిచేస్తున్నావు, అక్కడివాళ్లు ఎలా ఉన్నారు?" అని అడిగింది. "కొందరికి నాతో పడదు" అన్నాను. "అయితే పని జరుగుతోందన్నమాట" అని కళ్లు మూసుకుంది. అదే మా ఆఖరి మాట.

పోయిన నెల ఈ ఊరి పెద్దమనిషి ఒకాయన వైద్యశాలకు వచ్చి, కాన్పు నొప్పులతో వచ్చిన కూలిమనిషిని పక్కన పెట్టి ముందు తనను చూడమన్నాడు. ఆయనకు వచ్చింది జలుబు. కూర్చోమన్నాను. ఆయన మా మఠం పెద్దలకు ఫిర్యాదు రాశాడు. సంజాయిషీ ఇమ్మని నాకు ఉత్తరం వచ్చింది. ఉదయం నుంచి జవాబు రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాశాను. ఆడపిల్ల పుట్టిందనీ, తల్లీబిడ్డా క్షేమమనీ రాశాను. క్షమించమని మాత్రం రాయలేదు. కింద సంతకం పెట్టాను.