నేను తుడిపేసిన మాట

మా చిన్నప్పుడు... బెల్లంపల్లి దగ్గర బొగ్గుబాయి కాలనీలో, మొదటి షిఫ్టు దిగిన బాపు నీళ్ళు పోసుకుని, చాయ్ తాగి, నన్ను వెంటబెట్టుకుని లైబ్రరీకి పోయేవాడు. లైబ్రరీ అంటే ఒక రేకుల గది... రెండు బల్లలు, ఒక బీరువా, ఒక్కటే పేపరు.

బాపుకు చదువు రాదు. పక్క క్వార్టర్ యూసుఫ్ చాచాకూ రాదు. ఇద్దరూ ఒకే బాయిలో దిగేవాళ్ళు. చాచా కొడుకు జానీ, నేను ఒకే తరగతి. మేం వంతులవారీగా పేపరు చదివితే వాళ్ళు వినేవాళ్ళు... విని కొట్లాడుకునేవాళ్ళు. బాపుది ఒక పార్టీ, చాచాది ఇంకొకటి. వాళ్ళ లొల్లి వాళ్ళది. మేం బీరువాలోంచి ఒక కథల పుస్తకం తీసి, నేల మీద బోర్లా పడుకుని కలిసి చదివేవాళ్ళం. వాడు తొందరగా చదివేవాడు. పేజీ తిప్పకుండా నేను వేలు అడ్డం పెట్టేవాణ్ణి.

ఒకసారి ఎన్నికల్లో చాచా పార్టీ గెలిచింది. ఊరేగింపులో ఎవరో చల్లిన రంగు దండెం మీది బాపు అంగీ మీద పడింది. బాపు నాలుగు రోజులు లైబ్రరీ ముఖం చూడలేదు. అవ్వ, అంటే మా అమ్మ, చెప్పినా వినలేదు. ఐదో రోజు చాచాయే వచ్చి మా గడపలో నిలబడ్డాడు.

"రాజం, నువ్వు రాకుంటే నేనెవనితోని లొల్లి పెట్టుకోవాలె? జర అంగి తొడుక్కో, పోదాం."

బాపు లేచి అంగీ తొడుక్కున్నాడు.

మరుసటేడు బాయిలో కప్పు కూలి బాపు కాలు విరిగింది. బొగ్గు కింద నుంచి ఆయన్ని లాగి, పైకి తెచ్చింది చాచాయే.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. నేను పంతులుగా రిటైరై కరీంనగర్‌లో ఉంటున్నాను. పత్తి వ్యాపారం మానేసిన జానీ జమ్మికుంటలో ఉంటాడు. రోజూ పొద్దున ఫోన్ చేసేవాడు... చదివిన పుస్తకాలు, మోకాళ్ళ నొప్పులు, సర్కారు మీద తిట్లు, అన్నీ మాట్లాడుకునేవాళ్ళం.

మొన్నటి ఎన్నికలప్పుడు మా బడి స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఒకడు ఒక మెసేజ్ పెట్టాడు. ముసల్మానులు ఈ దేశపువాళ్ళు కారని, వాళ్ళ దగ్గర ఏమీ కొనొద్దని. కింద పదిమంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. అందరం ఒకే బెంచీల మీద కూర్చుని చదివినవాళ్ళమే...

జానీ ఒక్క మాట రాశాడు. "గిది నన్ను గూడ అన్నట్టేనా?"

ఎవరూ పలకలేదు.

'ఇది తప్పు' అని నేను టైపు చేశాను. ఈ వయసులో నాకెందుకు ఈ గొడవ అనిపించింది... తుడిపేశాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు మంచీ చెడూ చెప్పినవాణ్ణి.

సాయంత్రానికి జానీ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. మర్నాడు ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు.

వారం ఆగి బస్సెక్కి జమ్మికుంట పోయాను. కూర్చోబెట్టాడు. వాడి కోడలు నా షుగర్ సంగతి గుర్తుంచుకుని చక్కెర లేని చాయ్ ఇచ్చింది. వానల గురించి మాట్లాడాడు, పత్తి గురించి మాట్లాడాడు. చివరికి నేనే ఆ మెసేజ్ మాట ఎత్తాను. వాడు చాయ్ కప్పు కింద పెట్టాడు.

"వాళ్ళ గురించి నాకు ఫికర్ లేదురా. నువ్వు టైపు చేస్తున్నట్టు ఫోన్ల కనవడ్డది... ఎదురుసూసిన. ఆగిపోయింది."

తప్పయిందన్నాను. తలూపాడు. బస్టాండు దాకా వచ్చి, సీటు దొరికేదాకా నిలబడి మరీ నన్ను సాగనంపాడు.

ఇంటికొచ్చాక, అప్పుడు రాయనిది గ్రూపులో రాశాను. ఇక్కడ రాజకీయాలొద్దన్నారు. ఆ రాత్రే నన్ను తీసేశారు. రాసినదాన్నే జానీకి పంపించాను... దండం బొమ్మ ఒకటి పెట్టాడు. అంతే.

నా గదిలో గోడ పొడవునా పుస్తకాలున్నాయి. ఏది తీసినా నాలుగు పేజీలు దాటడం లేదు. ఇన్ని చదివి, రెండు మాటలు రాయాల్సిన చోట చెయ్యి రాలేదు. ఇక ఎందుకు చదవాలో తెలియడం లేదు.

ఆ కాలంలో మనుషులు ఎదురెదురుగా కూర్చుని పోట్లాడుకునేవాళ్ళు... ఇప్పుడు చప్పుడు లేకుండా విడిపోతున్నారు. మీలోనూ ఎవరికైనా ఇలా ఒక మనిషి దూరమయ్యాడా? మళ్ళీ మాట కలిసిందా? కలిస్తే, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టారో కాస్త రాయండి... నాకు తోచడం లేదు.