మా బావ పిట్టయిన వేసవి

మా బావ ఏ వస్తువు చేయాలన్నా, అది ఎవరికోసమో ముందు వాళ్లయిపోతాడు. ఇది పొగడ్త కాదు, ఫిర్యాదు. కుర్చీలూ బల్లలూ చేసే ఒక కార్ఖానాలో ఆయన నమూనాలు గీసేవాడు. చిన్నపిల్లల బడికి బెంచీలు కావాలని ఎవరైనా అడిగితే, ఆ వారమంతా ఇంట్లో మోకాళ్ల మీద నడిచేవాడు. "పిల్లలకి లోకం ఇలా కనిపిస్తుందిరా" అనేవాడు, నా నడుం దగ్గర్నుంచి మొహం పైకెత్తి. ఒక ముసలాయన చేతుల కుర్చీ అడిగితే, బావకి కీళ్లనొప్పులు పట్టుకున్నాయి. అవి నిజమే అనుకుని పాపం మా అక్క తైలం కూడా రాసింది. కార్ఖానా ఓనరుగారు తల పట్టుకునేవారు గానీ, బావ గీసిన కుర్చీలో కూర్చున్నవాడు మాత్రం లేవడానికి ఒక పట్టాన ఒప్పుకునేవాడు కాదు.

ఉద్యోగం దొరికిన కొత్తలో నేను వాళ్లింట్లోనే ఉండేవాణ్ని. పొద్దున్నే ముందుగదిలో అక్క కుట్టుమిషను మొదలయ్యేది. మిషనుకి సరిగ్గా పైన వేలాడే పంజరంలో ఫించ్ పిట్టలు కిచకిచలాడేవి. వెనక వరండాలో బావ ఏదో ఒక చెక్కని చిత్రిక పడుతూ ఉండేవాడు. ఇప్పటికీ ఎక్కడైనా చెక్కపొట్టు వాసన తగిలితే నాకు ఆ ఇల్లే గుర్తొస్తుంది, ప్రాణానికి హాయిగా ఉంటుంది.

ఫించ్ పిట్టలంటే మరేం లేదు, బొటనవేలంత ప్రాణాలు. ఎర్రటి ముక్కు, బుల్లి తోక, ఒంటికి నాలుగింతల గొంతు. బావ తెచ్చింది ఒక జంటనే. అవి తమ పని తాము చేసుకుపోవడంతో పంజరం సాయంత్రం బస్సులా తయారైంది. అవి గింజలు వలిచినప్పుడల్లా పొట్టంతా అక్క కుట్టే బట్టల మీద రాలేది. అక్క దులుపుకుంటూ కుట్టేది, కుడుతూ తిట్టేది. అలా ఎన్నాళ్లయినా గడిచిపోయేదేమో గానీ, ఒకరోజు ఒక పెళ్లికూతురి తెల్లగౌను మీద ఒక పిట్ట తన అభిప్రాయం చెప్పింది.

అక్క ఒంటికాలి మీద లేచింది. "వానలు పడేలోపు ఇవి ఇంట్లోంచి బయటికైనా పోవాలి, పిట్టల కొట్టుకైనా పోవాలి. మీ ఇష్టం."

"పిట్టల కొట్టుకా!" బావ మొహంలో నెత్తుటిచుక్క లేదు. "అక్కడ ఒక్కోదాన్ని ఒక్కో ఇంటికి అమ్మేస్తారోయ్. జంటలు విడిపోతాయి. అవి ఒకదాన్ని విడిచి ఒకటి ఉండలేవు."

"అయితే బయట గూడు కట్టండి. వద్దన్నానా?"

"కడతాను. మనిషి లోపల నిలబడేంత పెద్దది కడతాను."

"వానలు పడేలోపు" అని అక్క ఇంకోసారి గుర్తుచేసింది. ఆవిడకి ఆయన సంగతి తెలుసు.

మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బావ పెరట్లో స్టూలు మీద గొంతుక్కూర్చుని, మోచేతులు డొక్కలకి ఆనించుకుని, మెడ మాత్రం అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"బావా, ఏమైంది?"

"మాట్లాడకు. గాలి ఎటు నుంచి కొడుతోందో చూస్తున్నా. వెళ్లి బకెట్టుతో నీళ్లు, మగ్గు పట్టుకురా."

తెచ్చాను.

"నువ్వు వానవి. కొట్టు."

బావ అంతటివాడు అడిగాక కాదనడం మర్యాద కాదు. ఒక మగ్గు మొహాన కొట్టాను.

"ఏం వానరా అది! నిలువునా పడే వానకి కప్పు చాలు. ఏటవాలు వాన కావాలి. పడమటి నుంచి!"

పడమటి నుంచి కొట్టాను. ఆ తర్వాత ఉత్తరం నుంచి కొట్టాను. ఆయన అడక్కపోయినా తుఫాను కూడా తెప్పించాను. బావ నిలువెల్లా తడిసి, వణుకుతూ, "పడమటివైపు పూర్తిగా మూసెయ్యాలి" అని తేల్చి దిగాడు. వాళ్లింట్లో ఉన్నన్నాళ్లూ నాకు అంత తృప్తినిచ్చిన సాయంత్రం మరొకటి లేదు.

తర్వాత ఆయన పిల్లి అయ్యాడు. పిల్లి ఎటు నుంచి వస్తుందో తెలియకపోతే గూడు ఎక్కడ కట్టాలో తెలియదట. అరచేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి, ప్రహరీగోడ వెంట మెల్లగా పాకుతుంటే, గోడ అవతల నుంచి పక్కింటి కాంపౌండరుగారి తల లేచింది. ఆసుపత్రి ఉద్యోగం మానేశాక ఆయనకి మా పెరడే కాలక్షేపం.

"ఏమండీ, ఏమైనా పడిపోయిందా?"

"లేదండీ. పిల్లిగా వస్తున్నాను."

"అలాగా. రండి, రండి" అన్నారు కాంపౌండరుగారు. అక్కడితో ఊరుకోకుండా, "మా పిల్లి అయితే గోడ దిగదండీ. ముందు ఆ జామచెట్టెక్కి, అక్కణ్నించి దూకుతుంది" అని సలహా ఇచ్చారు. దాంతో మా బావ చెట్టు కూడా ఎక్కవలసి వచ్చింది. ఎక్కడం పిల్లిలాగానే ఎక్కాడు. దించడానికి మాత్రం నిచ్చెన తేవలసి వచ్చింది.

ఇనుప జాలీ కొనడానికి వెళ్లిన రోజు నేను పక్కనే ఉన్నాను. కొట్టాయన ఏ సైజు కావాలని అడిగాడు.

"ఒక్క నిమిషం. నేనిప్పుడు ఎలుకపిల్లని" అంటూ బావ చూపుడువేలు జాలీ కన్నంలో దూర్చాడు. సునాయాసంగా దూరింది. "దూరేశాను. ఇది వద్దు."

కొట్టాయన నావైపు చూశాడు. నేను కొట్లో వేలాడుతున్న తాళాలవైపు చూశాను.

బావ ఒక్కొక్క జాలీలోకీ వేలు దూరుస్తూ పోయి, చివరికి ఒకదానిలో గట్టిగా ఇరుక్కున్నాడు. "ఇదేరా! దూరలేకపోయాను!" అని ఎగిరి గంతేశాడు. దూరలేకపోవడమే కాదు, బయటికి రాలేకపోయాడు కూడా. కొట్టాయన జాలీని చుట్టూ కత్తిరిస్తే, ఆ ముక్క ఉంగరంలా వేలికి పెట్టుకుని ఇంటికి వచ్చాడు. అక్క సబ్బు రాసి లాగుతూ, "వానలెప్పుడో తెలుసా?" అని మాత్రం అడిగింది.

ఇక తలుపుల సంగతి. పిట్టల గూటికి ఒక తలుపు చాలదు, రెండుండాలి. బయటిది మూశాకే లోపలిది తీయాలి. మధ్యలో మనిషి నిలబడేంత చోటుండాలి. లేకపోతే గింజలు పెట్టడానికి వెళ్లిన ప్రతిసారీ ఒక పిట్ట మన చంక కింద నుంచి తుర్రుమంటుంది. ఈ మధ్యలో చోటు ఎంతుండాలో తేల్చడానికి బావ బట్టలారేసే తీగ మీద దుప్పట్లు వేలాడదీశాడు. నేను గింజలు పెట్టే మనిషిని. ఆయన పారిపోయే పిట్ట. నేను దుప్పటి ఎత్తడం, ఆయన వంగి నా చంక కింద నుంచి దూసుకుపోవడం.

"ఇవాళైనా పట్టావా అబ్బాయ్?" అనేవారు కాంపౌండరుగారు గోడ మీద నుంచి.

"లేదండీ. చాలా చురుకైన పిట్ట."

మొత్తానికి ఒకరోజు పిట్ట పారిపోలేకపోయింది. కొలతలు కుదిరాయి. వాన కొట్టని, పిల్లి దూకలేని, పొద్దుటెండ పడే పెరటి మూల ఖాయమైంది. స్తంభాలకి గోతులు తీశాం. నా చేతులు బొబ్బలెక్కాయి. అక్క కూడా వచ్చి చూసి, "బాగానే ఉంది" అని వెళ్లిపోయింది. ఆవిడ నోట ఆ మాట రావడమే గొప్ప.

రెండ్రోజుల తర్వాత ఆఫీసు నుంచి వస్తే, పెరట్లో నేను తీసిన గోతులన్నీ పూడ్చేసి ఉన్నాయి. స్తంభాలు ఇంటి పక్కకి వచ్చాయి. సరిగ్గా అక్క కుట్టుమిషను గది కిటికీ కింద, బావ కొత్త గోతులు తవ్వుతున్నాడు.

"ఏంటి బావా ఇది!"

"స్థలం మారింది."

"ఎందుకు?"

"అక్కడ కుదర్లేదు" అన్నాడు తల ఎత్తకుండా.

అప్పటికే పడమట మబ్బులు కమ్ముతున్నాయి. అక్క బయటికొచ్చి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు, అందుకే భయమేసింది.

"ఏ గదిలోంచి తీసేయమన్నానో ఆ గది కిటికీకే తెచ్చి కడుతున్నారా? వేసవంతా చూశాను. పిట్ట అయ్యారు, పిల్లి అయ్యారు, ఎలుక అయ్యారు. ఈ ఇంట్లో నేనూ ఒకదాన్ని ఉన్నాను. ఒక్కరోజైనా నేనయ్యారా?"

బావ గునపం గోడకి ఆనించాడు.

"రేపు పిట్టల కొట్టాయన వస్తాడు. కబురు పంపేస్తాను" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ పూట బావ అన్నం కలుపుతూ కూర్చున్నాడే గానీ ముద్ద ఎత్తలేదు. నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. పెరటి మూలలోనే కట్టి ఉంటే ఈపాటికి పిట్టలు అందులో ఉండేవి.

మర్నాడు పిట్టల కొట్టాయన చెప్పిన వేళకే, చేతిలో చెక్కపెట్టెతో వచ్చాడు. లోపల బావ అక్క కుట్టుమిషనుని పట్టుకుని గది మధ్యకి ఈడుస్తున్నాడు.

"అదెందుకు కదుపుతున్నారు? పని ఉంది నాకు" అంది అక్క.

"నిన్న అడిగావు కదా, నువ్వయ్యానా అని" బావ ఆయాసపడుతూ చెప్పాడు. "అయ్యాను. నువ్వు కుట్టినవి ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా వచ్చి నీ కుర్చీలో కూర్చున్నాను. నీ కళ్లజోడు కూడా పెట్టుకున్నాను, తల తిరిగింది. నీ ఎదురుగా ఏముందో తెలుసా నీకు? గోడ. సున్నం రాలిన గోడ. కిటికీ వీపు వెనక ఉంది. ఇన్నేళ్లుగా కుర్చీలు గీస్తున్నాను, అంతకుముందు నీ కుర్చీలో ఒక్కసారైనా కూర్చోలేదు."

అక్క తిరిగి ఆ గోడవైపు చూసింది.

"మొన్న పంజరం తీసుకెళ్లి పెరటి మూలలో పెట్టి, మళ్లీ వచ్చి కూర్చున్నాను. మిషను చప్పుడు తప్ప ఇంకేం వినిపించలేదు. కాసేపటికే నాకు పిచ్చెక్కినట్టయింది. నువ్వు పొద్దస్తమానం ఉండాలే! ఇంట్లోంచి పోవాల్సింది పొట్టు, పిట్టలు కాదనిపించింది. అందుకే గూడు కిటికీ అవతల. పొట్టు బయట, పాట లోపల. మిషను ఇటు తిప్పితే చాలు."

"నాకు వాటి గోల ఇష్టమని మీకెవరు చెప్పారు?" అంది అక్క.

"ఎవరూ చెప్పలేదు. అవి కూసినప్పుడు మిషను తొక్కే నీ కాలు ఆగుతుంది. తిట్టడానికేమో అనుకునేవాణ్ని. నేను కూర్చుంటే నా కాలూ ఆగింది. తిట్టాలనిపించలేదు."

అంటూనే మిషనుని కిటికీవైపు తిప్పేసి బావ బయటికి పరుగెత్తాడు. అక్క వెళ్లి దాని ముందు కూర్చుంది. కిటికీ అవతల, ఇంకా సరిగ్గా నిలబడని స్తంభాల మధ్య, బావ స్టూలెక్కి మోచేతులు డొక్కలకి ఆనించుకున్నాడు.

"ఇదిగో, ఇక్కడ వాలతాయి. కనిపిస్తోందా?"

"కాస్త పక్కకి జరగండి. ఆకాశం కనిపించడం లేదు."

ఆయన జరిగాడు. "ఇప్పుడు?"

అక్క చాలాసేపు చూసింది. కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. "బాగుంది" అంది.

గుమ్మంలో పిట్టల కొట్టాయన పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని దగ్గాడు. "అమ్మా, మరి పిట్టలు..."

అక్క ఆయనవైపు తిరిగింది. "ఆ పెట్టె అలా పక్కన పెట్టి, వచ్చి ఆ స్తంభం కాస్త పట్టుకో నాయనా. వాన వచ్చేలా ఉంది. మా తమ్ముడొక్కడివల్ల అయ్యే పని కాదు."

ఆయన ఒకసారి అక్కని చూశాడు, ఒకసారి స్టూలు మీదున్న మా బావని చూశాడు. పెట్టె కింద పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.