అంచులో పచ్చ పోగు

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు మా ఇంట్లో కరెంటు వచ్చింది. నగరిలో కరెంటు పోవడం, రావడం ఎవరూ పట్టించుకునే విషయం కాదు. మరమగ్గాలు మొదలయ్యాయి. వాటితో పాటు, పొద్దున ఎవరో ఆపడం మరిచిపోయిన టీవీ కూడా దానంతట అదే మొదలైంది. ఆ సమయం గుర్తుండటానికి కారణం, తిరుపతికి రెండు గంటల బస్సు అందుతుందా అని నేను అప్పుడే ఫోన్ చూసుకున్నాను.

చనిపోయినవాళ్లు మనకు కనిపిస్తారనీ, ఏదో తెలియజేస్తారనీ నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. తిరుపతిలో ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. అలాంటి పుస్తకాలు తిరిగొస్తే అలమరలో సర్దడం తప్ప వాటితో నాకు పని లేదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలని మాత్రమే ఇది రాస్తున్నాను.

నా తమ్ముడి పేరు గుణశేఖర్. ఇంట్లో గుణ అంటాం. నేతపని వాడికి పట్టలేదు. ఐటీఐ చదివి, శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో వెల్డర్‌గా కొన్నాళ్లు చేసి, తర్వాత చెన్నైలోని ఒక ఏజెంటు ద్వారా సముద్రం అవతల ఓడలు బాగుచేసే యార్డుకు వెళ్లాడు. ఏ దేశమో రాయను. ఆ దేశానికీ పక్క దేశానికీ యుద్ధం వచ్చినప్పుడు వాడు ఒక యుద్ధనౌక అడుగు భాగంలో పైపులు వెల్డింగ్ చేస్తున్నాడు. పని పూర్తికాకముందే నౌక బయలుదేరాల్సి వచ్చింది. మిగిలింది దారిలో చేయమని వెల్డర్లను కూడా ఎక్కించుకుని పోయారు. వాడు సైనికుడు కాదు. ఆ యుద్ధం మనదీ కాదు.

బయలుదేరే ముందు నాకు ఫోన్ చేశాడు. "ఇంత పెద్ద ఓడ కట్టినారు గానీ, గుడ్డలు ఆరేసుకునేదానికి ఒక దండెం కట్టలేదక్కా. నీ పుస్తకాల్లో యాడన్నా రాసుండారేమో సూడు, యుద్ధానికి పొయ్యేవాళ్లు లుంగీలు యాడ ఆరేస్తారో" అని నవ్వాడు. అదే ఆఖరుసారి వాడితో మాట్లాడటం.

ఆ లుంగీల సంగతి ఇక్కడే చెప్పాలి. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతుంటే, దాని కొనలకు కొత్త పడుగు కొనలను ఒక్కొక్క పోగూ పట్టి మెలివేసి అతుకుతారు. మా ఇళ్లలో అది ఆడవాళ్ల పని. మా ఇంట్లో అమ్మ చేసేది. అమ్మ రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. ఆపరేషన్ అంటే తర్వాత చూద్దాం అనేది. ఒకసారి ఎర్ర అంచులో ఒక పచ్చ పోగు అతికేసింది. నాయన చూసుకునే లోపు చాలా గుడ్డ నేసేశాడు. అంచు పొడవునా సన్నటి పచ్చ గీత పడింది. వ్యాపారి ఆ లుంగీలు తీసుకోలేదు. నాయన రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. గుణ మాత్రం, "అమ్మ సంతకం పెట్టింది, నాకియ్యండి" అని రెండు లుంగీలు పెట్టెలో పెట్టుకున్నాడు. మిగిలినవాటిని మగ్గాలు తుడవడానికి చించేశాం. అలాంటి అంచు ఇంకెక్కడా నేసి ఉండరు.

కరెంటు వచ్చిన ఆ మధ్యాహ్నం టీవీలో మొదట వినిపించింది గుణ పని చేసే రేవు పేరు. అక్కడి నుంచి బయలుదేరిన యుద్ధనౌక మీద ఆకాశం నుంచి దాడి. డ్రోన్లు, ఆ తర్వాత క్షిపణి. స్టూడియోలో నేలంతా గ్రాఫిక్స్ నీళ్లు, వాటి మీద బొమ్మ ఓడ, ఓడ చుట్టూ సూటు వేసుకున్న యాంకర్. వెనక సినిమా ఫైటుకు వాయించినట్టు సంగీతం. మధ్యమధ్యలో ఒక వీడియో. బూడిద రంగు ఓడ, దాని మీదికి పైనుంచి దిగే చిన్న నల్లటి ఆకారం, మంట. మంట చుట్టూ ఎర్రటి వలయం గీశారు. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి వేశారు. మంటలో మనుషులుంటారన్న మాట ఆ యాంకర్ ఒక్కసారి కూడా అనలేదు.

నాయనను మగ్గాలు ఆపమని అరిచాను. గుణకు ఫోన్ చేస్తే స్విచాఫ్ వచ్చింది. ఏజెంటు ఎత్తలేదు. వంటింట్లో నుంచి అమ్మ వచ్చి నిలబడింది. టీవీలో అక్షరాలు కూడా కనిపించని మనిషి.

"అది గుణ లుంగీ. నా పచ్చ పోగు ఉండాది, సూడు" అంది.

ఎక్కడ అని అడిగాను. ఓడ వెనక భాగంలో కుడివైపు అంచు వెంట ఉన్న కమ్మీ చూపించింది. వీడియో మళ్లీ వచ్చింది. నేనూ చూశాను. కమ్మీకి ఒక గుడ్డ వేలాడుతోంది. ఎర్ర అంచు, అంచులో పచ్చ గీత. అంత దూరం నుంచి తీసిన బొమ్మలో ఒక పోగు కనిపించదని నాకు తెలుసు. అయినా చూశాను. మూడోసారి వచ్చినప్పుడు నాయన టీవీకి దగ్గరగా వెళ్లి చూశాడు. నాయన తక్కువ మాట్లాడే మనిషి. "ఒక మూలే కట్టినాడు. రెండో మూల గాలికి కొట్టుకుంటా ఉండాది" అన్నాడు.

అంటే మేం ముగ్గురం చూశాం. నేను ఆ వీడియోను టీవీ మీద నుంచి ఫోన్‌లో తీసుకున్నాను.

అమ్మ ఏడవలేదు. గుణ పనిలోకి దిగేటప్పుడు ప్యాంటు వేసుకుంటాడు, లుంగీ ఆరేసి ఉందంటే కింద పనిలో ఉన్నాడు, కాలుతున్నది పైన కదా అని లెక్క వేసింది. వాడు బతికే ఉన్నాడని తేల్చేసింది. విషయం తెలిసి సాయంత్రానికి బంధువులు వచ్చారు. మా అత్త గుమ్మంలోనే శోకం మొదలుపెడితే అమ్మ అడ్డం వెళ్లి, "యాడవాలంటే మీ ఇంటికి పోయి యాడువు" అంది.

వచ్చినవాళ్లకు కాఫీ ఇవ్వాలి కదా, పాలకు టీ అంగడికి వెళ్లాను. అక్కడ నలుగురు ఒక ఫోన్ చుట్టూ మూగి అదే వీడియో చూస్తున్నారు. "సూడప్పా, ఏం గురి!" అన్నాడొకడు. "ఇంగోసారి ఎయ్యబ్బా, ఆ మంటకాడ ఆపు" అన్నాడు ఇంకొకడు. ఏ దేశం గెలుస్తుందని పందెం వేసుకుంటున్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. అందులో ఇద్దరు గుణతో చదువుకున్నవాళ్లు. వాడు ఆ ఓడలో ఉన్నాడని వాళ్లకు తెలియదు. తెలిస్తే ఫోన్ దాచేవాళ్లు, తర్వాత ఇంటికెళ్లి చూసేవాళ్లు. పాలు తీసుకోకుండానే వచ్చేశాను.

రెండు రోజులకు ఏజెంటు ఫోన్ ఎత్తాడు. ఆచూకీ తెలియనివాళ్లలో గుణ ఉన్నాడని చెప్పాడు. ఆచూకీ తెలియకపోవడం అంటే ఏమిటో అతనికీ తెలియదు. కార్యం చేయాలా, ఎదురుచూడాలా? నాయన ఆ ప్రశ్న నన్నే అడిగాడు. చదువుకున్నదాన్ని కాబట్టి వీడియో చూసి ఏదైనా తేల్చగలనని ఆయన అనుకున్నాడు.

కాలేజీకి వెళ్లి, కంప్యూటర్లు చెప్పే ఒక లెక్చరర్‌కు నా ఫోన్‌లోని వీడియో ఇచ్చాను. పెద్దది చేసి ఆ కమ్మీ చూపించమన్నాను. ఆయన మొదట నవ్వాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు. "మేడం, ఇది నిజం ఓడ కాదు. కంప్యూటర్ గేమ్. మా వాడు ఇంట్లో ఆడతాడు" అన్నాడు. అదే ఓడ, అదే మంట, అదే వీడియోను ఎవరో ఆటగాడు యుద్ధానికి చాలా ముందే ఇంటర్నెట్‌లో పెట్టి ఉండటం చూపించాడు. ఆ సముద్రం లేదు. ఆ ఓడ లేదు. దాని మీద మనుషులూ లేరు.

కమ్మీ మీద గుడ్డ కూడా లేదు. ఇంటర్నెట్‌లో ఉన్నదాంట్లో లేదు, నా ఫోన్‌లో ఉన్నదాంట్లోనూ లేదు. ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. వెనక భాగంలో కుడివైపు కమ్మీ బోడిగా ఉంది.

నాకు దుఃఖం కంటే ముందు రోత పుట్టింది. అక్కడ మనుషులు నిజంగా కాలిపోయిన రోజు, పిల్లల ఆటలోని మంటను తెచ్చి, దానికి సంగీతం కట్టి, పగలంతా వేశారు. అది తప్పని తెలిశాక కూడా ఆ చానెల్ ఒక్క ముక్క చెప్పలేదు. మర్నాడు ఒక నటుడి పెళ్లి చూపించారు. అదే యాంకర్, అదే సూటు.

ఇంట్లో చెప్పాను. నాయన లేచి మగ్గాల దగ్గరికి వెళ్లిపోయాడు. అమ్మ "అబద్ధం బొమ్మ అయితే నా పోగు దాంట్లోకి ఎట్లా వచ్చినాది?" అని అడిగింది. కార్యం మాట ఎత్తనివ్వలేదు. ఎదురుచూడటమే ఖాయం చేసుకుంది.

తర్వాతి వారం ఒక ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చింది. తూత్తుకుడి వైపు మనిషి, గుణతో కలిసి పని చేసిన వెల్డర్. రెండు చేతులూ కాలి ఉన్నాయనీ, ఫోన్ నర్సు పట్టుకుందనీ చెప్పాడు. అరవంలో మాట్లాడాడు. నాయనకు అరవం బాగా వచ్చు, అమ్మకూ నాకూ వింటే అర్థమవుతుంది. స్పీకర్ పెట్టి విన్నాం. మేం వీడియో సంగతి అతనికి చెప్పలేదు. అమ్మ ఒక్కటే అడగమంది, ఆ రోజు గుణ లుంగీ ఎక్కడ ఆరేశాడని.

లుంగీ ఆరేసిన సంగతి మీకెట్లా తెలుసు అన్నాడతను. యుద్ధనౌక కమ్మీల మీద బట్టలు ఆరేయకూడదట. ముందు రోజు ఒక ఆఫీసరు గుణను దాని మీద తిట్టాడట. ఆ రోజు పనిలోకి దిగేముందు గుణ మళ్లీ లుంగీ ఉతికి, వెనకవైపు కుడి కమ్మీకి కట్టాడు. ఆఫీసరు వస్తున్నాడని ఎవరో చెబితే, ఒక మూల ముడి వేసి, రెండోది వేయకుండానే కిందికి పరుగెత్తాడు. మొదట వచ్చిన డ్రోన్లు ఓడ పైభాగాన్ని కాల్చాయి. కింద ఉన్నవాళ్లకు అప్పటికి ఏమీ కాలేదు. తర్వాత నీళ్లకు కాస్త ఎత్తులో వచ్చిన క్షిపణి, పైపుల పని జరుగుతున్న చోటే తగిలింది. తాగే నీళ్ల కోసం పైకి వచ్చినందువల్ల ఈ మనిషి బతికాడు. తనను పడవలోకి లాగుతున్నప్పుడు కూడా ఆ లుంగీ అక్కడే కొట్టుకుంటూ ఉందని చెప్పాడు.

నాయన ఫోన్ పెట్టేసి అమ్మ వైపు చూడకుండా చెప్పాడు: "ఒక మూలే కట్టినాడంట."

"విన్నాను. ఇంగ మగ్గాలు ఆపు. కార్యం పెట్టుకుందాం" అంది అమ్మ.

శరీరం రాలేదు. దర్భలతో బొమ్మ చేసి కాల్చాం.

ఇలాంటివాటికి చెప్పే కారణాలు నేనూ చదివాను. ముగ్గురం ఒకే భయంలో ఉన్నాం, ఒకరు చూశామంటే మిగిలిన ఇద్దరికీ కనిపించి ఉంటుంది. లుంగీ కనిపించడానికి ఆ కారణం సరిపోతుంది. కుడి కమ్మీకీ, ఒక మూల ముడికీ సరిపోదు. వాడు కింద పనిలో ఉన్నాడని అమ్మ చెప్పింది నిజం. కాలింది పైన అన్నదీ నిజం. బతికి ఉన్నాడన్న ఒక్కటే తప్పింది. లేని ఓడ మీద, ఎవరూ ఆరేయని చోట, ఆ గుడ్డను మేం ఎలా చూశామో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మకు కళ్ల ఆపరేషన్ చేయించాం. చూపు బాగా వచ్చింది. కొత్త పడుగు వచ్చినప్పుడు పక్కవీధి ఆమె వచ్చి అతికి పోతుంది. అమ్మ పడుగు అతకడం లేదు.