బంగారం మీది పసుపు

ఉదయం పూజ ముగించి లేస్తుండగా అక్క ఫోను చేసింది. “తమ్మీ, మీ బావ లేస్తలేడు. ఎంత పిలిచినా పలుకుతలేడు. జర జల్ది రా,” అన్నది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దూరమేమీ కాదు. మెట్రో దిగి వాళ్ళ గుమ్మం చేరేసరికి, పై అంతస్తులో ఉండే డాక్టరుగారు బయటికి వస్తూ నా భుజం మీద చేయి వేసి నిలబడ్డారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తరువాత తెలిసింది.

ఈ పత్రికలో అప్పుడప్పుడు నా వ్యాసాలు చదివే మిత్రులకు నా పేరు తెలుసు. ఆయన పేరు తెలియదు. తెలియనక్కరలేదని ఆయనే అనేవారు. కనుక ఇక్కడ కూడా బావ అనే అంటాను. మా అక్క భర్త. పాలిటెక్నిక్ కళాశాలలో ఎలక్ట్రానిక్స్ బోధించి పదవీ విరమణ చేసిన మనిషి. నేను ప్రాచ్య కళాశాలలో కావ్యపాఠాలు చెప్పినవాణ్ని. ఆయనకు ఛందస్సు రాదు, నాకు కరెంటు తెలియదు. అయినప్పటికీ, ఒక ప్రాచీన కావ్యానికి నేను కూర్చుతున్న వ్యాఖ్యానంలోని ప్రతి అక్షరమూ ఆయన వేళ్ళ మీదుగానే కంప్యూటర్‌లోకి చేరింది.

కంటి శస్త్రచికిత్స తరువాత తెర వైపు ఎక్కువసేపు చూడలేకపోయాను. టైపు చేయడం మొదటినుంచీ రాదు. అందుచేత ఫలహారం కాగానే ఎల్బీనగర్ వెళ్ళేవాణ్ని. బావ కీబోర్డు మీది తువ్వాలు మడిచి పక్కన పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, “ఇగ చెప్పు పండితుడా,” అనేవారు. నేను పద్యం చదివి, పదాలు విడదీసి, తాత్పర్యం చెప్పేవాణ్ని. చాలాసార్లు ఆ వేళ్ళు కదిలేవి కావు.

“గిది నాకు సమజ్ కాలే.”

“నీకు కాకుంటేంది బావ, చదివేటోళ్ళకు అయితది. నువ్వు కొట్టు.”

“చదివేటోడు నీకు బావనా, మొకమాటానికి తల ఊపెతందుకు? మల్ల చెప్పు.”

వంటింట్లోంచి అక్క గొంతు వినబడేది. “కొట్లాడుకోకుండ్రి. చాయ్ పెడుతున్న.”

చాయ్ వచ్చేలోగా నేను ఆ వాక్యాన్ని విప్పి, మరింత తేటగా అల్లి చెప్పేవాణ్ని. అప్పుడు వేళ్ళు కదిలేవి. నా రచనలో పాఠకులు మెచ్చిన సులభత్వం ఏదైనా ఉంటే, అది ఆ వేళ్ళ మొరాయింపు నాకు పెట్టిన భిక్ష.

ఆ కంప్యూటర్ గురించి చెప్పాలి. అది చాలా పాతది. అందులోని తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ ఇంకా పాతది. పెట్టె వెనుక, ఒకప్పుడు ప్రింటర్ తగిలించే వెడల్పాటి రంధ్రంలో అగ్గిపెట్టెంత తాళం ఒకటి బిగించి ఉంటేనే ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఇప్పటి కంప్యూటర్లకు ఆ రంధ్రమే లేదు. కొత్త అక్షరాలలోకి మార్చి ఇస్తామన్నవారు మార్చి చూపిస్తే, ఒత్తులు చెదిరి పద్యాలు గుర్తుపట్టరానివైపోయాయి. కనుక ఆ పెట్టె నడిచినంతకాలమే మా పని నడుస్తుంది. వ్యాఖ్యానం పెరిగినకొద్దీ అది నెమ్మదించింది. ఒక ఆశ్వాసం తెరవమని ఆజ్ఞ ఇచ్చి, చాయ్ తాగి, పత్రిక తిరగేసి వచ్చినా తెర మీద ఇంకా ఏమీ ఉండేది కాదు.

సరిగ్గా ఆ రోజులలోనే, బావ గుండె బాగా బలహీనపడిందనీ, శస్త్రచికిత్సకు తట్టుకోదనీ వైద్యులు తేల్చారు. దవాఖాన నుంచి వచ్చిన సాయంత్రం ఆయన తన జబ్బు ఊసెత్తలేదు.

“నీ ఆశ్వాసాలు ఇంకెన్ని ఉన్నయ్?” అని మాత్రం అడిగారు. చెప్పాను. “నేనుండగనే అయిపోవాలె. రేపు వేరేటోణ్ని పెట్టుకుంటే, నువ్వు చెప్పింది చెప్పినట్టే కొట్టేస్తడు. పుస్తకం ఖరాబైతది.”

పెట్టె వేగం పెరగాలి. కాని లోపలి భాగాలన్నీ అమర్చి ఉండే బోర్డును మారిస్తే తాళం పెట్టే రంధ్రం పోతుంది. అందుచేత బోర్డును అలాగే ఉంచి, దాని మెదడైన ప్రాసెసర్‌ను మాత్రం మార్చాలని నిర్ణయించారు. దిల్‌సుఖ్‌నగర్‌లో పాత కంప్యూటర్లు విప్పి భాగాలు అమ్మే దుకాణమొకటి వెతికి, ఆ బోర్డుకు సరిపడే, ఇంతకన్నా చురుకైన ప్రాసెసర్ తెచ్చారు. తపాలాబిళ్ళకంటే కొంచెం పెద్దది. ఒక వైపు నున్నటి లోహం, రెండో వైపు వరుసలు తీరిన బంగారు చుక్కలు.

అవి దసరా రోజులు. మహర్నవమినాడు అక్క ఆయుధపూజకు బావ స్క్రూడ్రైవర్లనూ, టెస్టర్‌నూ, నా కలాన్నీ, ఆ ప్రాసెసర్ ఉన్న ప్లాస్టిక్ డబ్బీనీ దేవుని ముందు వరుసగా పెట్టింది. అన్నింటినీ పసుపు కుంకుమలతో అలంకరించింది. మరునాడు దసరా, పని మొదలుపెట్టడానికి అంతకన్నా మంచి రోజు లేదన్నది. ముహూర్తాలు పట్టించుకోని బావ కూడా తల ఊపారు.

ఆయన పెట్టె విప్పడం చూడవలసిన దృశ్యం. అక్క పక్కన పడేసిన పాత పోపుల పెట్టె ఒకటి ఉండేది. ఏ భాగం నుంచి తీసిన స్క్రూలను ఆ భాగానికి కేటాయించిన గిన్నెలో వేసేవారు. ఆవాల గిన్నెలోవి జీలకర్ర గిన్నెలో పడితే ఊరుకునేవారు కాదు. ప్రాసెసర్ అమర్చి, పైన తెల్లటి పేస్ట్ రాస్తుంటే, “గంధమా బావ?” అన్నాను. “గంధం లెక్కనే. తల వేడెక్కొద్దని. నీక్కూడ జర రాయాల్నా?” అన్నారు.

అంతా బిగించి స్విచ్ వేశారు. దీపం వెలిగింది, ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. హారతి పళ్ళెంతో గుమ్మంలో నిలబడిన అక్క కాసేపు చూసి, పళ్ళెం లోపల పెట్టేసింది. నేను మంచినీళ్ళకు వెళితే మెల్లగా అన్నది:

“పండుగ పూట ఆగిపాయె తమ్మీ. ఆయన పానం మంచిగ లేనప్పుడే గిట్ల కావాల్నా? నా మనసు మనసుల లేదు.”

ఆమె భయం కంప్యూటర్ గురించి కాదని నాకు అర్థమైంది.

బావ మాత్రం నిమ్మళంగా ఉన్నారు. “పరేషాన్ గాకుండ్రి. ఫ్యాను తిరుగుతుందంటే లోపటికి కరెంటు అందుతున్నది. అది సచ్చిపోలే, మాట్లాడుతలే. ఎందుకు మాట్లాడుతలేదో అడగాలె. ఒక్కపారి ఒక్కటే మార్చి అడగాలె. రెండు కలిపి మార్చితే ఏది జవాబు చెప్పిందో తెల్వదు.”

ఆ తరువాతి ఉదయాలలో వ్యాఖ్యానం ఆగింది. నేను విద్యార్థినై కూర్చున్నాను. మొదట మెమరీ కడ్డీలన్నీ తీసివేసి స్విచ్ వేశారు. మెమరీ లేకుంటే బోర్డు బీప్‌మని మొత్తుకోవాలట. మొత్తుకోలేదు. “మొత్తుకునే మెదడే పనిజేస్తలేదన్నట్టు,” అన్నారు. కడ్డీలు తిరిగి పెట్టి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీసి, కొంతసేపు ఆగి, మళ్ళీ పెట్టారు. మార్పు లేదు. చివరకు కొత్త ప్రాసెసర్ తీసి పాతదే పెట్టారు. తెర వెలిగింది.

ఇది కాదు, ఇది కాదు అని ఒక్కొక్కటే తోసివేస్తూ మిగిలినదానిని తెలుసుకొమ్మని మన పెద్దలు చూపిన దారి ఉంది. ఏది ఉంటే జరుగుతున్నది, ఏది లేకుంటే జరగడం లేదు అని రెండు వైపులా పరీక్షించడాన్ని తార్కికులు అన్వయ వ్యతిరేకాలన్నారు. జీవితమంతా వాటిని పాఠంగా చెప్పిన నేను, అవి పోపుల పెట్టె పక్కన కూర్చుని పని చేయడం అప్పుడే చూశాను. ఆ మాట అంటే బావ నవ్వారు. “గంత పెద్ద పేరుందా దీనికి? మా ల్యాబ్‌ల పోరగాళ్ళు ‘మార్చి చూసుడు’ అంటుండె.”

బోర్డు నిద్రలేవగానే తనకు తాను చదువుకునే చిన్న పాఠమొకటి దానిలోనే రాసి ఉంటుందనీ, దానిని బయోస్ అంటారనీ చెప్పారు. ఆ బోర్డు పుట్టిన తరువాత వచ్చిన ప్రాసెసర్ల పేర్లు పాత పాఠంలో ఉండవు. “కొత్త కోడలొచ్చింది. ఇంట్ల ముసలోళ్ళకు పేరు తెల్వదు, తలుపు తీస్తలేరు,” అన్నారు. పాత ప్రాసెసర్‌తోనే నడుపుతూ ఆ పాఠాన్ని తిరగరాయాలి. ఆ సమయంలో కరెంటు పోతే బోర్డే పోతుంది. బోర్డు పోతే తాళం పోతుంది, వ్యాఖ్యానం పోతుంది. అందుకని అక్కను మెయిన్ స్విచ్ దగ్గర కాపలా పెట్టారు.

“మిక్సీ వెయ్యకు. మోటరు వెయ్యకు.”

“ఊపిరన్న తీసుకోవాల్నా, వద్దా?” అన్నది అక్క. ఆ పండుగ తరువాత ఆమె అన్న మొదటి పరాచికం అది.

తిరగరాయడం నిర్విఘ్నంగా ముగిసింది. ఎంతో ఆశతో మళ్ళీ కొత్త ప్రాసెసర్ పెట్టారు. మళ్ళీ అదే నల్లని తెర.

అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. బావ కుర్చీలో వెనక్కి వాలారు. ఆయన ముఖం మీది అలసట చూసి నేనే అన్నాను. “ఇడిసిపెట్టు బావ. పాతదే పెట్టు. మెల్లగనే నడిపిద్దం.”

“మెల్లగ నడుస్తందుకు దానికి టైమున్నది. నాకున్నదా?”

కఠినంగా అనలేదు. వేళ ఎంతయిందని అడిగినట్టుగా అన్నారు. తరువాత లేచి, నేను పాత ప్రతులు చదవడానికి తెచ్చుకునే భూతద్దం అందుకుని, ప్రాసెసర్‌ను బాల్కనీలో ఎండకు పట్టి చూశారు. బంగారు చుక్కల వైపు చాలాసేపు చూశారు. చూపుడువేలి గోటితో ఒక మూల మెల్లగా గీకి, ఆ గోరు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయన కళ్ళలో నవ్వు మెరిసింది. నన్ను సైగతో పిలిచి గోరు నా ముక్కు దగ్గర పెట్టారు.

పసుపు.

నవమినాడు అక్క డబ్బీ మూతకు కుంకుమ పెట్టి ఊరుకోలేదు. మూత తీసి, బంగారంలా మెరిసే వైపే ముఖమనుకుని, అక్కడ తడి పసుపు అద్దింది. ఆరి రాలగా మిగిలిన పలుచని పొర ఆ చుక్కల మీద ఎవరికీ కనబడకుండా ఉండిపోయింది.

“బంగారం మీద పసుపు ఎట్ల కనపడ్తది?” అన్నారు బావ. “రెండు రోగాలుండె. ఒకటి దొరకంగనే ఎతుకుడు ఆపిన. ఒక తప్పు దొరికిందని రెండోది లేదనుకోవద్దు.” తరువాత గొంతు తగ్గించారు. “మీ అక్కకు చెప్పకు. పసుపు పెట్టి నేనే ఆపిన అనుకుంటది. పండుగ పూట, నేనిట్లున్నప్పుడు. గా మాట ఆమె మొయ్యలేదు.”

స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కొక్క వరుసా తుడిచారు. భూతద్దంలో మళ్ళీ చూశారు, మళ్ళీ తుడిచారు. బిగించి స్విచ్ వేయగానే బోర్డు చిన్నగా బీప్‌మన్నది. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. వంటింటి వైపు తిరిగి కేకవేశారు.

“ఓ, ఇటు రా. నువ్వు నవమినాడు పసుపు పెట్టినవు చూడు, దాని మహిమ జర ఆలిశెంగ పనిజేసింది.”

“దేవునితోని పరాచికాలొద్దు,” అంటూ వచ్చి, తెర వైపు చూసి, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది. అప్పుడు హారతి వెలిగించింది. అప్రియమైన సత్యాన్ని దాచవచ్చునా అన్న చోట ధర్మశాస్త్రాలు కొంత వెసులుబాటు ఇచ్చాయి. ప్రియమైన అసత్యాన్ని మాత్రం ఒప్పుకోలేదు. ఆ ఉదయం నేను శాస్త్రాల పక్షాన లేను.

తరువాత పని వేగంగా సాగింది. ఆశ్వాసం అడగగానే తెరుచుకునేది. చాయ్ తాగడానికి సాకు లేదని బావ ఫిర్యాదు చేసేవారు. వైద్యులు భయపెట్టినదానికన్నా ఎక్కువకాలమే ఉన్నారు. చివరి ఆశ్వాసం సగం దాటాక, ఒకరోజు ఒక పద్యం దగ్గర వేళ్ళు ఆపి, “రేపు జర మంచిగ ఆలోచించుకొని రా,” అన్నారు. నేను రాత్రంతా దానికి మంచి మాటలు కూర్చుకున్నాను. వాటిని ఇంకా ఎవరికీ వినిపించలేదు.

కర్మకాండ ముగిసి బంధువులు వెళ్ళిన తరువాత అక్కా నేనూ ఆ గదిలో కూర్చున్నాము. ఆయన ముచ్చట్లు చెప్పుకుంటూ, దాచుకోలేక, పసుపు సంగతి సగం అని ఆగిపోయాను. అక్క నా వైపు చూసింది.

“నాకు ఎర్కనే తమ్మీ. చెత్తబుట్టల పసుపచ్చటి దూది చూసిన. నా పసుపు నాకు తెల్వదా?”

“మల్ల ఒక్కనాడన్న అనలేదేంది?”

“ఆయనకు అబద్ధమాడుడు రాదు. జన్మల ఒక్కటి ఆడిండు, అది నా కోసం. దాన్ని గూడ దొరకబట్టి ఆయన చేతుల పెడతనా?”

వ్యాఖ్యానంలో మిగిలిన భాగం ఇక ఆపేద్దామనుకుంటున్నట్టు నేను చెప్పాను. అక్క లేచి, బావ కుర్చీ లాగి కూర్చుని, స్విచ్ వేసింది. ఏ బొమ్మ మీద నొక్కాలో, ఏ ఆశ్వాసం తెరవాలో ఆమెకు తెలుసు. ఏండ్ల తరబడి ఆ గదిలోకి చాయ్ తెచ్చిన మనిషి ఊరికే చాయ్ తేలేదు.

“మెల్లగ చెప్పు. నాకు అక్షరాలు ఎతుక్కుంట కొట్టుడొస్తది,” అన్నది.

చిన్ననాడు మా ఇంట మగ్గం పక్కన కూర్చుని, రంగు అంటకూడని చోట నూలుకు దారపు ముడులు కట్టిన వేళ్ళు అవి. నేను మొదటి మాట చెప్పాను. ఆమె తల వంచి వెతికింది. దొరికిన అక్షరాన్ని నొక్కి, అది తెర మీదికి వచ్చిందో లేదో చూసుకుని, మరొకదాని కోసం వెతికింది. ఆ మాట పూర్తయ్యాక చూపుడువేలిని కీబోర్డుకు కాస్త పైన, గాలిలో నిలిపి, తరువాతి మాట కోసం నా వైపు చూసింది.