పాలగిన్నెలో పన్ను

మొన్న ఒక పన్ను కోసం మా ఇంట్లో అరలీటరు పాలు పారబోశాం. వాటితో పాటు నా పెద్దరికం కూడా కొంత పోయింది. ఎలాగో చెబుతాను, వినండి.

మా అమ్మాయి శిరీష బీడీఎస్ పాసై పీజీ ఎంట్రన్సుకి చదువుతోంది. కిందటేడు కొద్దిలో సీటు తప్పింది. ఈసారి తప్పకూడదని ఇంట్లో కట్టుబాటు పెట్టాను. కేబుల్ తీయించేశాను. పొద్దున్నపూట తన గది తలుపు ఎవరూ కొట్టకూడదు. కొట్టినవాళ్లకి ఆ సాయంత్రం టీ లేదు. కూర ఏం వండమంటావని అడిగినందుకు మా ఆవిడకి ఆ శిక్ష పడింది కూడా.

నేను చదివింది ఏడో తరగతే. అయినా తెల్లవారుజామున పుస్తకం పట్టుకుని, ఇంగ్లీషు కూడబలుక్కుంటూ ప్రశ్నలు అడుగుతాను. తను జవాబు చెప్పి తెలుగులో వివరిస్తుంది. పాలపళ్లు ఇరవై, ఒంట్లో అన్నిటికన్నా గట్టిది పంటి పైపొర, ఇలాంటివి నాకూ వచ్చేశాయి. దెబ్బ తగిలి పన్ను ఊడితే వేరు ముట్టుకోకూడదు, రుద్ది కడగకూడదు, పాలలో వేసి అరగంటలో డాక్టరు దగ్గరికి చేరాలి. ఇది మాత్రం బాగా నాటుకుపోయింది.

మొన్న పొద్దున్న శిరీష గడియారం పెట్టుకుని మోడల్ పేపరు రాస్తోంది. ఇల్లు అంటుకున్నా లేవొద్దని చెప్పి వీధరుగు మీద కూర్చున్నాను. ఎదురింటి కిరాణా షాపు సత్యనారాయణ గారు అత్తిలిలో పెళ్లికని బయల్దేరి, మా గుమ్మం ముందు బురదలో స్కూటరుతో సహా పడ్డారు. లేపి చూస్తే పెదవి చిట్లింది, ముందు పన్ను లేదు. అది మా మెట్టు పక్కన తెల్లగా మెరుస్తోంది.

ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పబోయారు.

"మాట్లాడకండి. నోరు కదిపితే ప్రమాదమండి," అన్నాను.

పన్ను పైభాగం జాగ్రత్తగా రెండు వేళ్లతో పట్టుకుని, మా ఆవిడ చేత పాలగిన్నె తెప్పించి అందులో వేశాను. సాయంత్రం టీకి అవే పాలని ఆమె గొణిగింది. మనిషి పన్ను కంటే టీ ఎక్కువా అని కోప్పడ్డాను. సత్యనారాయణ గారు మళ్లీ చెయ్యి ఊపారు. ధైర్యం చెప్పి కూర్చోబెట్టాను. ఇంట్లో డాక్టరుండగా ఆసుపత్రి ఎందుకనిపించి, నా కట్టుబాటు నేనే మరిచి దబదబా తలుపు బాదాను.

శిరీష పెన్నుతోనే బయటికొచ్చింది. చెంచాతో పన్ను పైకి తీసి తిప్పి చూసింది.

"వేరు ముట్టుకోలేదు కదా నాన్నగారూ?"

"ముట్టుకోలేదమ్మా."

"ముట్టుకోడానికి ఉంటేగా. ఇది పెట్టుడు పన్ను."

సత్యనారాయణ గారు అప్పుడు నోటి మీంచి చెయ్యి తీశారు. "అదే చెబుదామనుకున్నానండి. తమరు చెప్పనిచ్చారు కాదు. ఏలూరులో కట్టించానండి, గ్యారంటీ ఉంది."

శిరీష ఆయన పెదవి తుడిచి మందు రాసి పంపింది. తన పేపరు మాత్రం సగంలో ఆగిపోయింది. మర్నాడు మళ్లీ మొదటి నుంచి రాయాలట. పెన్నుకి మూత పెట్టి పక్కన పెట్టేసింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఇంట్లో ఎవరికీ టీ లేదు. శిక్ష నాకు కదా, మీరు తాగండి అన్నాను. "పాలేవండీ?" అంది మా ఆవిడ. వెళ్లి కొనుక్కురావచ్చు. పాలకి చెంబు ఇమ్మని ఆవిడని అడగడానికి ముఖం చెల్లలేదు.

మర్నాడు తెల్లవారుజామున పుస్తకం తీయబోతే శిరీష అందుకుంది.

"ఈవేళ నేను అడుగుతాను. పన్ను ఊడిన మనిషి కనబడితే మొదట చేయాల్సిందేమిటి?"

"ఆయన్ని మాట్లాడనివ్వాలమ్మా," అన్నాను.

మార్కు వేసింది.